ఉతికి ఆరేసిన రహస్యం

సిగరెట్ మానేసిన మగవాళ్ళు రెండు రకాలు: నిజంగా మానేసినవాళ్ళు, ఇంట్లో మానేసినవాళ్ళు. మొదటి రకంతో మనకు పని లేదు. వాళ్ళు కొన్నాళ్ళు చిరాకు పడతారు, కాస్త ఒళ్ళు చేస్తారు, ఆ తర్వాత మళ్ళీ మనుషుల్లో పడతారు. కష్టాలన్నీ రెండో రకానివే. అందులో రాణించాలంటే ఓర్పు కావాలి, జ్ఞాపకశక్తి కావాలి, కాస్తో కూస్తో రసాయనశాస్త్రం తెలియాలి, అన్నిటికీ మించి బట్టలుతకడం రావాలి. తన బనియను ఎక్కడుందో పెళ్ళాన్ని అడిగి తెలుసుకునే నాబోటివాడు చొక్కాలుతకడంలో ఆరితేరాడంటే, ఆ ఘనత నాది కాదు. దాని వెనక ఒక పాడు అలవాటు పడ్డ కష్టం ఉంది.

మా అమ్మాయి పెళ్ళి మాటలప్పుడు, కాబోయే వియ్యంకుడు లోకాభిరామాయణం మధ్యలో "మీకు సిగరెట్ అలవాటుందా అండీ?" అన్నాడు. "ఒకప్పుడు ఉండేదండీ, మానేశాను" అన్నాను. అన్నాక నేనే ఆశ్చర్యపోయాను. ఆ సంగతి నాకూ అప్పుడే తెలిసింది మరి. వంటింటి గుమ్మం దగ్గర కాఫీ పళ్ళెంతో నిలబడ్డ మా ఆవిడ ఆ మాట వినేసింది. ఆ క్షణం నుంచి మా ఇంట్లో నేను మానేసినవాణ్ణి. ఆఫీసు పక్క సందులో టీ కొట్టుకు మాత్రం ఈ కబురు ఇంకా చేరలేదు.

మా ముందు తరం వాళ్ళకి ఇన్ని తిప్పలు ఉండేవి కావు. చొక్కా వాసనొస్తే "ఆఫీసులో అందరూ కాలుస్తారే, నేనేం చెయ్యను?" అంటే సరిపోయేది. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగకూడదని దేశమంతటా నిబంధనలు వచ్చాయి. గాంధీ జయంతి చూసి మరీ మమ్మల్ని మెట్ల కిందనుంచి వెళ్ళగొట్టారు. ఊపిరితిత్తులకు మేలు జరిగిందేమో గాని, ఆ ఒక్క రూలుతో నా సాక్షులంతా పోయారు. ఆఫీసు గది ఇప్పుడు ఏసీ వేసి, అద్దంలా తుడిచి ఉంటుంది. అక్కణ్ణుంచి పొగ వాసన మోసుకొచ్చానని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

మిగతా ఆధారాలు మాయం చెయ్యడం తేలికే. పెట్టె కొనను, విడి సిగరెట్టే కొంటాను. పెట్టె మీద 85 శాతం మేర భయంకరమైన బొమ్మతో హెచ్చరిక వేస్తున్నారు, జేబులో పెట్టుకుంటే నాకే దడ. నోటికి సోపు గింజలు, యాలక్కాయ. వేళ్ళకు టీ కొట్టువాడు పిండి పారేసిన నిమ్మచెక్క. చొక్కా దగ్గరే చిక్కు. అది మనతోపాటు ఇంట్లోకి వస్తుంది, మనం చెప్పులు విప్పేలోపే హాల్లో ఉన్నవాళ్ళకు విషయం చెప్పేస్తుంది.

అసలు ఈ వాసన ఎందుకింత మొండిదో కనుక్కోవాలని చాలా చదివాను. పదో తరగతిలో ఇంత చదివుంటే ఇప్పుడు నా గొడవ వేరే ఉండేది. పొగంటే ఒట్టి గాలి అనుకుంటాం. అందులో 7,000కు పైగా రసాయనాలున్నాయి. పొగలోని రేణువులు ఎంత సన్నవంటే ఎక్కువ భాగం ఒక మైక్రానుకు లోపే. మన తల వెంట్రుకే సుమారు 70 మైక్రాన్ల మందం. ఆ రేణువులకు చొక్కా నేత బార్లా తెరిచిన గుమ్మం. లోపలికెళ్ళి జిగురు తారుతో, నికోటిన్‌తో నూలుపోగులను పట్టుకుని కూర్చుంటాయి. నికోటిన్ 247 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాని మరగదు, కాబట్టి తొందరపడి ఎగిరిపోదు. అలాగని కుదురుగానూ ఉండదు. కాస్త వెచ్చబడితే కొద్దికొద్దిగా గాల్లోకి వస్తుంది, చల్లబడితే మళ్ళీ బట్ట మీదికి చేరుతుంది. పొద్దున్న బీరువాలో వాసన రాని చొక్కా సాయంత్రం చెమట పట్టేసరికి ఎందుకు కంపు కొడుతుందో అప్పుడర్థమైంది. నూలుకి నికోటిన్ ఇష్టం, పాలిస్టరుకి జిడ్డు తారు ఇష్టం. నావి రెండూ కలిపి నేసిన చొక్కాలు.

నిజానికి పొగాకు వాసన నాకు కొత్తేం కాదు. మాది ఒంగోలు వైపు. గుంటూరులో పొగాకు బోర్డు 1976లో వచ్చింది, మా ఇంట్లో పొగాకు వాసన అంతకు ఎన్నో ఏళ్ళ ముందే వచ్చింది. పచ్చాకును కర్రలకు అల్లి, బ్యారన్‌లో వరసలు వరసలుగా వేలాడదీసి, అయిదారు రోజులపాటు వేడిని మెల్లగా 70 డిగ్రీల దాకా పెంచుకుంటూ పోయేవారు. బయట పొయ్యిలో కట్టెలు మండుతుంటాయి, పొగ మాత్రం ఇనప గొట్టాల్లోంచి అటునుంచటే బయటికి పోతుంది. వేడి తగలాలే తప్ప ఆకుకి పొగ తగలకూడదు. గొట్టానికి ఎక్కడైనా చిల్లు పడి పొగ లోపలికి కారితే ఆకు పాడైపోయిందని మా నాన్న మనిషి మనిషినీ తిట్టేవాడు. పొగాకుకే పొగ వాసన అంటకూడదని రాత్రుళ్ళు కాపలా కాసిన ఇంట్లో పుట్టి, నేను టెరీకాట్ చొక్కాని పొగబెట్టాను. రాజమండ్రిలో 1947లోనే కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ పెట్టి, ఆకు ఎలా పెంచాలో రైతులకు నేర్పించారు. కాల్చాక చొక్కా ఎలా ఉతకాలో మాత్రం నాకెవరూ నేర్పలేదు. స్వయంకృషితోనే పైకొచ్చాను.

మొదట్లో అందరూ వెళ్ళే దారినే వెళ్ళాను. వాసనకు వాసనతో విరుగుడు. చార్మినార్ దగ్గర చిన్న సీసాడు అత్తరు కొని, ఆఫీసు సొరుగులో దాచి, బయలుదేరే ముందు కాలరుకు రెండు వేళ్ళు రాసుకునేవాణ్ణి. ఆ సాయంత్రం మా ఆవిడ దగ్గరికొచ్చి ఒకసారి గాలి పీల్చింది. సిగరెట్ ఊసు ఎత్తనే లేదు. "ఎవరండీ ఆవిడ?" అంది. ఆ ఒక్క ప్రశ్నకు నా పాత నేరం ఎంత పవిత్రంగా కనిపించిందో చెప్పలేను. "సిగరెట్టే నీ కాళ్ళు మొక్కుతాను" అని ఒప్పుకుందామన్నంత దాకా వెళ్ళి, ఆఫీసులో ఎవరో పంచిపెట్టారని తప్పించుకున్నాను.

అత్తరు పక్కన పెట్టి సాంబ్రాణి అందుకున్నాను. బొగ్గుల మీద సాంబ్రాణి వేసి, పైన చొక్కాలు తగిలించి, గది తలుపులు మూశాను. పొగ వాసన పోగొట్టడానికి పొగ పెట్టడం ఏ శాస్త్రంలోదో నాకిప్పటికీ తెలీదు. మా ఆవిడ తలుపు తీసి, ఆ మేఘాల మధ్య నన్ను చూసి, "మీకు ఈ భక్తి ఎప్పటినుంచి?" అంది. చేసేది లేక ఈమధ్యనే అన్నాను. ఆ నెల పౌర్ణమికి సత్యనారాయణ వ్రతం పెట్టించి, పీటల మీద అయిదు కథలూ నాతో వినిపించింది.

తర్వాతవి కలరా ఉండలు. చొక్కాల మడతల్లో పెడితే సిగరెట్ వాసన కనపడకుండా పోయిన మాట నిజం. కాకపోతే లిఫ్టులో పక్కనున్నాయన "ఏవండీ, పాత పెట్టెలు సర్దుతున్నారా?" అనడిగాడు. ఆ ఉండల ఆవిరి కూడా ఒంటికి మంచిది కాదు. చంటిపిల్లల బట్టల దగ్గర అసలే పెట్టకూడదు. ఈ మూడింటితో నాకు తెలిసొచ్చింది ఏమిటంటే, వాసన మీద వాసన వేస్తే మొదటిది పోదు, రెండోది దానికి తోడవుతుంది. పైగా ప్రతి మందూ కొత్త నేరం ఒకటి నెత్తికి తెస్తుంది.

అప్పుడు సైన్సు వైపు తిరిగాను. నికోటిన్ క్షార స్వభావం గలది. ఆమ్లం తగిలితే లవణంగా మారుతుంది. ఆ లవణం ఆవిరై ముక్కులోకి రాదు, నీళ్ళలో సులువుగా కరుగుతుంది. కంపులో పెద్ద వాటా ఉన్న పిరిడీన్ జాతి రసాయనాలది, అమ్మోనియాది కూడా ఇదే గుణం. అంటే కావలసింది పుల్లటి నీళ్ళు. కిరాణా కొట్లో నూడుల్స్ పక్కన పెట్టి అమ్మే తెల్ల వెనిగర్ సీసాలో నాలుగైదు శాతం ఎసిటిక్ ఆమ్లం ఉంటుంది. ఒక సీసా కొని, వాషింగ్ మెషిన్ వెనక ఎవరి చెయ్యీ దూరని సందులో దాచాను.

పద్ధతి రాసి పెడుతున్నాను, ఎవరికైనా పనికొస్తుంది. చొక్కాని ముందు ఉతక్కూడదు. బాగా దులిపి, వీలైతే కాసేపు గాలికి ఆరేయాలి. పైపైన ఉన్నది అక్కడే సగం పోతుంది. తర్వాత అర బకెట్ చన్నీళ్ళలో ఒక టీ గ్లాసుడు వెనిగర్ కలిపి, కాలరూ కఫులూ మునిగేలా అరగంటో గంటో నాననివ్వాలి. రంగు వెలిసే బట్టయితే లోపలి మడత మీద ఒక చుక్క వేసి చూసుకోవాలి. జాడించి పిండి, అప్పుడు సబ్బుపొడితో ఉతకాలి. ఆమ్లానికి లొంగని జిడ్డు తారు సబ్బుకు లొంగుతుంది. బట్ట తట్టుకుంటే గోరువెచ్చటి నీళ్ళు మేలు. సబ్బు పొయ్యేదాకా జాడించి, పూర్తిగా ఆరనివ్వాలి. ఆరడంతో వెనిగర్ వాసన దానంతటదే ఎగిరిపోతుంది.

ఆ ఆఖరి వాక్యం నేను చదవలేదు. తొందరకొద్దీ చెమ్మ చొక్కానే ఇస్త్రీ చేసుకుని తొడిగేశాను. మా ఆవిడ దగ్గరికి రాగానే ఆగిపోయింది. "నేను లేకుండా నూడుల్స్ తినొచ్చారా?" అంది. లేదన్నాను. "పచ్చిమిరపకాయ ముక్కలు నానేసిన వెనిగర్ వాసన నాకు తెలీదా? ఎవరితో వెళ్ళారు?" అంది. అత్తరు నాటి ఫైలు మళ్ళీ తెరుచుకుంది. ఆ ఆదివారం ఆవిణ్ణి చైనా హోటల్‌కు తీసుకెళ్ళాను. ఒక్క సిగరెట్ దాచుకోవడానికి ఇద్దరి భోజనం ఖర్చు.

అయినా వెనిగర్ పనిచేసిందన్న ధైర్యం వచ్చింది. సీసా కూడా ఎంత పొదుపుగా వచ్చిందనుకున్నారు! ఎన్ని చొక్కాలు ముంచినా తరగదు. ఇంటి ఖర్చుల విషయంలో నన్ను చేతకానివాడంటారు గాని, ఒక సీసాని ఇన్నాళ్ళు సాగదీసినవాడు ఈ వీధిలో ఇంకొకడు లేడని లోలోపల మురిసిపోయేవాణ్ణి.

వంట సోడాకూ మంచి పేరే ఉంది. ఉతకడానికి వీల్లేని స్వెట్టరూ కోటూ ఉంటే సంచిలో వేసి, సోడా చల్లి, మూతి కట్టి రాత్రంతా ఉంచి, పొద్దున్నే దులపమన్నారు. అలాగే చేశాను. స్వెట్టరు నెమ్మదించింది, నల్ల కోటు భుజాల మీద మాత్రం చుండ్రు రాలిన అవతారం మిగిలింది. ఆ సాయంత్రం వాన పట్టింది, మా ఆవిడకు మిరపకాయ బజ్జీల మీదికి మనసుపోయింది. శనగపిండి కలిపి, సోడా డబ్బా తీసి చూస్తే ఖాళీ. ఎలకలు సోడా తింటాయా అని అడిగింది. తింటాయన్నాను. మనిషి పతనానికి మెట్లుంటాయంటారు గదా, నాది బల్లపరుపుగా ఎలకల దాకా వెళ్ళింది.

వెనిగర్ మంచిదైతే, సోడా మంచిదైతే, రెండూ కలిస్తే ఇంకెంత మంచిదోనన్న ఊహ వచ్చిన రోజు నా శాస్త్రీయ జీవితంలో ముఖ్యమైనది. బకెట్లో రెండూ పోశాను. బుసబుసమని పొంగింది. నురుగు అంచులు దాటి బాత్రూమంతా పారింది. ఆ పొంగు చూసి వాసన చచ్చిపోయిందని చేతులు దులుపుకున్నాను. జరిగిందేమిటంటే ఆమ్లమూ క్షారమూ ఒకదాన్నొకటి తినేశాయి. బొగ్గుపులుసు వాయువు పైకి పోయింది, బకెట్లో ఇంత ఉప్పునీరు మిగిలింది. చొక్కా జోలికి ఎవరూ పోలేదు. రెండూ వాడాలనుకుంటే వేర్వేరుగా, మధ్యలో జాడించి వాడుకోవాలి. ఇక్కడ నవ్వకుండా చెప్పాల్సిన మాట ఒకటుంది. వెనిగర్‌ను బ్లీచింగ్ పొడితో గాని బ్లీచ్ ద్రావణంతో గాని ఎప్పుడూ కలపకూడదు. క్లోరిన్ వాయువు వస్తుంది. అది మూసిన బాత్రూములో మనిషిని పడగొడుతుంది. సిగరెట్ అంతకాలం తీసుకుని చేసే పని అది నిమిషాల్లో చేసేస్తుంది.

ఎండ మాత్రం నిజమైన మందు. వేడికి కొంత ఎగిరిపోతుంది, ఎండకీ గాలికీ కొంత విరిగిపోతుంది, పైసా ఖర్చు లేదు. డాబా మీద దండేనికి చొక్కాలు తిరగేసి, చేతులు బార్లా చాపి క్లిప్పులు పెట్టేవాణ్ణి. మధ్యాహ్నం ఎండలో మగవాడు ఒక్కడే డాబా మీద తన చొక్కాలు తిరగేసుకుంటూ, మధ్యమధ్య చంకల దగ్గర ముక్కు పెట్టి చూసుకుంటూ ఉంటే అపార్ట్‌మెంట్‌లో కబుర్లు పుడతాయి. మూడో అంతస్తు పెద్దావిడ మా ఆవిణ్ణి పక్కకు పిలిచి, "అన్నయ్యగారి ఉద్యోగం ఉందా అమ్మా?" అని మెల్లిగా వాకబు చేసిందట.

ఆ ముక్కు పెట్టి చూసుకోవడమే నేను చేసిన తెలివితక్కువ పనుల్లో అగ్రగణ్యం. ఒకే వాసన కాసేపు తగులుతుంటే మెదడు దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. పైగా పొగ తాగేవాడి ముక్కు ఎలాగూ మొద్దుబారి ఉంటుంది. నా చొక్కాకి వాసన లేదని నేనే తీర్పిస్తే దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. బయటి ముక్కు కావాలి. వాచ్‌మన్ని అడుగుదామంటే అతను బీడీలు కాలుస్తాడు, అదీ ముద్దాయి ముక్కే. చివరికి నిజం చెప్పినవాడు ఇస్త్రీ అబ్బాయి. "సార్, మీ అంగి మీద పెట్టె పెడ్తే సిగరెట్ వాసన లేస్తది. మేడం చీరలకు అంటుకుంటదని మీయి ఆఖర్న చేస్తున్న" అన్నాడు. ఎన్నాళ్ళుగా చేస్తున్నాడో పాపం, ఇంటి గుట్టు బజారున పడకుండా కాపాడుకొచ్చాడు. అతని వల్ల నాకో పరీక్ష దొరికింది. కాస్త చెమ్మగా ఉన్న చొక్కా కాలరు మీద వెచ్చటి పెట్టె ఆనించి, పైకి లేచిన ఆవిరిని ఇంకొకరితో వాసన చూపించాలి. ఏమీ రాకపోతే పోయినట్టు. వస్తే మళ్ళీ నానబెట్టాలి. వాసన పూర్తిగా పోకముందు వేడి డ్రయర్లో గాని, గట్టి ఇస్త్రీలో గాని పెట్టకూడదంటారు, మిగిలిన తారు ఇంకా గట్టిపడుతుందట.

ఇలా నేను రోజురోజుకీ ఆరితేరుతున్నాను, చొక్కాలు రోజురోజుకీ మెరుస్తున్నాయి. కాలర్లు కొత్త కాలర్లయ్యాయి. ఇంట్లో ఎవరూ ఏమీ అనడం లేదు. గెలిచాననుకున్నాను.

అంతలో మా బావమరిది కొడుకు పెళ్ళికి విజయవాడ వెళ్ళొచ్చాం. తిరుగు ప్రయాణం బావమరిది కారులో. అతను సిగరెట్ ఎప్పుడో మానేశాడు. కారెక్కగానే గుప్పుమంది. "సెకండ్ హ్యాండ్ కారు కదా బావగారూ, పాత ఓనరు తాగేవాడట" అన్నాడు. అబద్ధంలో అంత పనితనం చూసి నాకు ముచ్చటేసింది. అద్దాలు మూసి, ఏసీ వేసి, హైదరాబాదు దాకా ఆ గాల్లోనే వచ్చాం. ఇంటికొచ్చాక మా ఆవిడ ఉప్పాడ పట్టుచీర తెచ్చి నా చేతిలో పెట్టింది.

"పొగ వాసన పట్టిందండీ. మీ వైద్యం చెయ్యండి."

"నాకేం తెలుసు?" అన్నాను.

"మెషిన్ వెనక సీసా ఉందిగా" అంది.

కాళ్ళ కింద నేల కదిలింది. తేరుకుని, "ఏ సీసా?" అన్నాను. ఇంకేం అడగాలో తోచలేదు.

"మీరు కొన్న సీసా ఎప్పుడో అయిపోయింది. అప్పట్నుంచీ నేనే నింపుతున్నాను. నిన్న పోసిందాంతో ఈ నెల సరుకుల్లో కొన్నది కూడా అయిపోయింది."

నా పొదుపు గర్వం అక్కడికక్కడే కూలింది. తెలిసీ ఇన్నాళ్ళు ఎందుకు ఊరుకున్నావన్నాను. "అడిగితే ఏం చేస్తారు? మళ్ళీ మానేశానంటారు. చొక్కాలు మళ్ళీ నా నెత్తిన పడతాయి. కాలర్లు రుద్దలేక చస్తున్నాను నేను. మీరు అబద్ధమాడినన్నాళ్ళూ నాకా పని తప్పింది" అంది.

వాసన వల్ల తెలిసిందా అని అడిగాను. వృత్తిగౌరవం గదా, ఎక్కడ తప్పానో తెలుసుకోవాలి. "వాసన రాకపోబట్టే తెలిసింది. ఇన్నేళ్ళ కాపురంలో విప్పిన చొక్కా కుర్చీ మీద తప్ప ఇంకోచోట పెట్టని మనిషి, ఇంట్లోకి రాగానే బకెట్లో ముంచితే ఇంకా వాసన చూడాలా?" అంది. అత్తరూ, సాంబ్రాణీ, ఎలకలూ? "అవన్నీ నాకు కాలక్షేపం" అంది.

నవ్వింది గాని, ఆ తర్వాత అన్న మాట నవ్వుతూ అన్లేదు. అమ్మాయి పురిటికి వస్తోంది. బిడ్డను ఎత్తుకునేది ఈ భుజం మీదే. పొగ ఆరిపోయాక బట్టల మీద, గోడల మీద, కుర్చీల మీద మిగిలిపోయే ఈ మడ్డికి 2009లో అమెరికా పిల్లల డాక్టర్లు థర్డ్ హ్యాండ్ స్మోక్ అనే పేరును ప్రచారంలోకి తెచ్చారు. ఆ మరుసటి ఏడు ఇంకో పరిశోధనలో, ఇలా అంటుకున్న నికోటిన్ గాలిలోని నైట్రస్ ఆమ్లంతో కలిసి క్యాన్సర్ కారకాలైన నైట్రోసమీన్లుగా మారుతుందని తేలింది. పసివాళ్ళు నేలకు దగ్గరగా ఉంటారు, దొరికిన గుడ్డ నోట్లో పెట్టుకుంటారు. ఇదంతా నాకు ఎప్పుడో తెలుసు. వెనిగర్ కోసం వెతికేటప్పుడే చదివాను. చదివి, నాకు కావలసింది బకెట్ కొలత మాత్రమే కాబట్టి, అది రాసుకుని మిగతాది దాటేశాను. చివరి దమ్ము అయ్యాక కూడా కాసేపటిదాకా ఊపిరితో పాటు పొగ బయటికి వస్తూనే ఉంటుందట. చొక్కానైతే నానబెట్టాను, మనిషిని ఏ బకెట్లో ముంచను?

పెట్టె మీద భయంకరమైన బొమ్మ కింద 1800-11-2356 అని మానేయడానికి సాయం చేసే ఉచిత ఫోన్ నంబరు వేస్తారు. విడి సిగరెట్లు కొనడంలో ఉన్న సుఖం అదే, నంబరు కంటబడదు. ఈసారి పెట్టె అడిగి తీసుకుని, నంబరు రాసుకుని, పెట్టె టీ కొట్టువాడికే తిరిగిచ్చేశాను. ఫోన్లో అవతలి మనిషి ఎన్నాళ్ళ అలవాటు, రోజుకెన్ని, పొద్దున్న లేచాక ఎంతసేపటికి మొదటిది అని ఓపిగ్గా అడిగారు. ఇంట్లో సాయం చేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అన్నారు. ఉన్నారండీ, వెనిగర్ పోస్తారు అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. మొదటి వారాలు ఎలా గడిచాయో మా ఇంట్లోవాళ్ళను అడగండి, నాకు గుర్తు లేదు, వాళ్ళకు బాగా గుర్తుంది.

పట్టుచీర సంగతి చెప్పి ముగిస్తాను. పట్టుకూ ఉన్నికీ క్షారం పడదు. సోడా నీళ్ళు, గాఢమైన సబ్బుపొడి దాని దగ్గరికి రానివ్వకూడదు. జరీ ఉన్న చీరను నానబెట్టనూ కూడదు. నీడపట్టున గాలాడేచోట మడత విప్పి ఆరేసి, రోజూ మడత మారుస్తూ వచ్చాను. ఇంకా మిగిలితే డ్రైక్లీనింగే దిక్కనుకున్నాను, అంతదాకా రాలేదు. ఆ చీర బాగుపడ్డంతో మా ఇంట్లో బట్టల శాఖ శాశ్వతంగా నాకే ఖరారైంది. సిగరెట్ మానేశాను కదా, ఇప్పుడు నా చొక్కాలకు చెమట తప్ప ఏముంది, ఎవరుతికితే ఏమిటని ఒకసారి అడిగి చూశాను. "మిమ్మల్ని సిగరెట్ మానమన్నాను గాని, ఉతకడం మానమన్నానా?" అంది.

ముక్కు మాత్రం తిరిగొచ్చింది. పోపులో ఇంగువ పడ్డ సంగతి హాల్లోంచే చెబుతున్నాను. అమ్మాయికి పుట్టిన మనవణ్ణి చూడ్డానికి మొన్న మా బావమరిది వచ్చాడు. తెల్లచొక్కా, కొత్త కాలరు, మొహం నిండా నిర్దోషిత్వం. ఎదురెళ్ళి చెయ్యి కలిపాను. సిగరెట్ వాసన లేనే లేదు. పుల్లగా, సన్నగా, చెమ్మగా ఇంకేదో తగిలింది. పక్కకు తీసుకెళ్ళి, "ఏమోయ్, పూర్తిగా ఆరనివ్వాలి. తొందరపడితే నూడుల్స్ వాసనొస్తుంది" అన్నాను. మొహం తెల్లబోయింది. "బావగారూ, మా ఆవిడకు చెప్పకండి, మీకు పుణ్యముంటుంది" అన్నాడు.

అతను వెళ్ళాక మా ఆవిడ దగ్గర ఆపుకోలేక ఈ గుట్టు విప్పాను. ఆవిడ బియ్యంలో రాళ్ళేరుతూ తలెత్తలేదు.

"తెలుసు. వెనిగర్ పెద్ద క్యాను ఎక్కడ చవగ్గా దొరుకుతుందని మా మరదలు పోయిన నెలే అడిగింది" అంది.